మంగళవారం వచ్చే నర్సు

2018 జనవరి 12
మావాడు ఆల్సీడ్ చదివే స్కూలు జూన్‌లో మూసేస్తారట. పిల్లలకి మార్కులు రాలేదని చార్టర్, అదే స్కూలు నడిపే అనుమతి, రద్దు చేశారు. తొమ్మిదేళ్ల వాడికి ఇది మూడో స్కూలు. న్యూ ఆర్లీన్స్ అంతా ఇలా సర్కారు డబ్బుతో బయటివాళ్లు నడిపే చార్టర్ స్కూళ్లే. ఫీజు లేదు, సీటు మాత్రం లాటరీలో రావాలి. ఏ పిచ్చోడు కనిపెట్టాడో ఈ పద్ధతి!

జనవరి 18
పని ఎగ్గొట్టి రెండు స్కూళ్లు చూశాను. గెంటిలీ పేటలో ఉన్నదానికి 'ఎ' గ్రేడు. పిల్లలు వయొలిన్ వాయిస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది. నర్సు ఉంటుందా అని అడిగాను. మంగళవారం మాత్రమే వస్తుందట, మిగతా రోజులు వేరే స్కూళ్లలో. ఎందుకు అడుగుతున్నారు అంది ప్రిన్సిపాల్ మేడమ్, నవ్వు ఆపకుండానే. ఊరికే అన్నాను.

మా ఇంటి దగ్గరదానికి 'డి'. నర్సు రోజూ ఉంటుంది. మావాడికి ఫిట్స్ అనగానే కంగారు పడలేదు, ఏ మందు వాడుతున్నారని అడిగింది. కానీ ఐదో తరగతి పిల్లలు ఇంకా కూడబలుక్కుని చదువుతున్నారు.

చదువు కావాలా, ప్రాణం కావాలా అని తల్లిని ఎవరైనా అడుగుతారా?

జనవరి 19
నన్ను పెంచిన జ్ఞానతల్లి నానన్ ఎర్లీన్, కార్నివాల్ పండక్కి తెచ్చిన కింగ్ కేక్ కోస్తూ కోస్తూ తిట్టిపోసింది. పిల్లాడు బతికుంటే కదే చదివేది, నీ తలకాయలో ఏముందే అని. నువ్వు నన్ను చదివించలేదు కాబట్టే హోటల్లో దుప్పట్లు ఉతుకుతున్నా అన్నాను. అనకూడని మాట. కత్తి అక్కడే పడేసి లోపలికెళ్లిపోయింది.

ఫిబ్రవరి 3, సాయంత్రం
లాండ్రీలో నాతో పనిచేసే డెల్ఫీన్, ఫిట్స్ సంగతి స్కూలుకి చెప్పకుండా నోరు మూసుకోమంది. జబ్బు ఉందని కాదనరట, చట్టం ఒప్పుకోదు. మీవాడికి మా స్కూలు సరిపోదేమో అని మెత్తగా అంటారట. ఆ తర్వాత రోజూ ఫోన్ చేసి తీసుకుపొమ్మంటారు, విసుగెత్తి నువ్వే మానిపిస్తావు పిచ్చిదానా అంది. వాళ్ల పాపకి అలాగే అయింది.

లాటరీ ఫారంలో మొదటి పేరు 'ఎ' స్కూలే పెట్టాను. జబ్బు సంగతి చెప్పలేదు.

ఫిబ్రవరి 4
దేవుడా, సీటు రావాలి. దేవుడా, రాకూడదు.

ఏప్రిల్ 9
వచ్చింది. ఆల్సీడ్ మంచం మీద గంతులేశాడు. వయొలిన్ నిజంగా ఇస్తారామ్మా అని చంపుకు తిన్నాడు. ఇస్తార్రా అన్నాను. బాత్రూంలోకి పోయి, కుళాయి తిప్పి ఏడ్చాను.

జులై 30
ఫిట్స్ సంగతి స్కూల్లో ఎవరికీ చెప్పకు నాన్నా అన్నాను. నేను చెప్పకపోయినా, కింద పడితే వాళ్లకే తెలుస్తుంది కదమ్మా అన్నాడు.

ఆగస్టు 6
నిన్న ఫిట్స్ వచ్చి వంటింట్లో పడ్డాడు. చాలా నెలల తర్వాత. నానన్ వాణ్ణి పక్కకి తిప్పి పట్టుకుంది. తేరుకోగానే వాడు అడిగింది ఒక్కటే, నన్ను స్కూలుకి పంపవా అని.

అంతా చెప్పేద్దామని పొద్దున ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేశాను. హలో అనగానే పెట్టేశాను. నేనూ ఒక తల్లినేనా!

ఆగస్టు 8
రాత్రి షిఫ్టుకి మారాను. ఎప్పుడు నిద్రపోతావే అని నానన్ అడిగింది.

ఆగస్టు 13, ఉదయం తొమ్మిది
వాడికి ఇవాళే మొదటిరోజు. స్కూలు గేటు ఎదురుగా, కారులో ఉన్నాను. ఫిట్స్ మందు ఒళ్లో ఉంది. లోపల్నుంచి ఫోన్ వస్తే పరిగెత్తాలి.

నా వెనకే ఇంకో కారు ఆగి ఉంది. అందులో ఒకావిడ ఇందాకట్నుంచీ గేటు వైపే చూస్తోంది. ఇప్పుడే దిగొచ్చి, నా కిటికీ తట్టి, మీవాడికేమిటి జబ్బు అని అడిగింది.