కుడికి తిప్పితే టకటక

జూన్ 12, శుక్రవారం. వంట, బట్టలు, అత్తయ్య మందులు, బండ్ల తనిఖీ అయ్యాయి.

తెల్లాపూర్‌లో మట్టిదారిలో సరదాగా నడపడానికి మేం కిరాయికిచ్చే నాలుగు ఏటీవీ బండ్లలో ఒకటి మలుపులో టకటకమంటోంది. రేపు ఏదో ఆఫీసువాళ్ళు విహారానికొచ్చి నడుపుతారు. మలుపులో చక్రం బిగుసుకుపోతే?

కడిగేటప్పుడు పాడుచేశావని పనివాడు యాదగిరిని తిట్టాను. తర్వాత నేనే నడిపాను. నేరుగా వెళ్తే చప్పుడు లేదు. కుడికి తిప్పితేనే, ఎడమ ముందు చక్రం దగ్గర. అంటే ఇరుసును చక్రానికి కలిపే కీలే. వంగి చూస్తే దాని రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు కారిపోయింది. చిరుగులో ఇనుప తీగ. దిష్టికి నిమ్మకాయలు గుచ్చి నేను కట్టిందే!

"దిష్టి తీసేదీ మీరే, తగిలించేదీ మీరే గదక్కా!" అని నవ్వాడు యాదగిరి.

"తప్పు నాదేనయ్యా. ఏమనుకోకు."

కీలు మార్చేదాకా ఆ బండి కదలదు. మిగతా మూడింటికీ తీగలు తీసి దారంతో కట్టాను.

యాదగిరికి క్షమాపణ బాకీ తీరింది.