చూడకూడని తొమ్మిది

ఫిబ్రవరి 11

కాంట్రాక్టు పొడిగింపు ఫారంలో నా పని రెండు వాక్యాల్లో రాయమన్నారు. రాశాను: ప్రతి కణానికీ బరువైన జోడీ ఒకటి ఉండాలని సిద్ధాంతం. ప్రోటాన్లను ఢీకొట్టించి ఆ జోడీల కోసం వెతుకుతాను. ఆరేళ్లుగా ఒక్కటీ కనబడలేదని రాయడానికి ఫారంలో చోటు లేదు.

బడిలో లెక్కలు చెప్పే మా అక్క నన్ను పెళ్లిళ్ల పేరయ్య అంటుంది. ఆరేళ్లలో ఒక్క సంబంధమూ కుదర్చని పేరయ్యని ఎవరు ఉంచుకుంటారే అని కూడా అంటుంది.

ఫిబ్రవరి 26, మధ్యాహ్నం 3

కొంప ముంచాను. జోడీలు దొరికే అవకాశమున్న డేటాను సీల్ చేసి పెడతాం. డబ్బా అంటాం. ప్రోటాన్లు ఢీకొన్నప్పుడు నమోదైన ఈవెంట్లలో ఏవి ఉంచాలో, ఏవి తీసెయ్యాలో రూల్సన్నీ ఖాయమయ్యాకే డబ్బా తెరవాలి. ముందే చూస్తే మనసు తనకు కావలసినట్టు రూల్స్ రాసుకుంటుంది. జూనియర్లకి పదిసార్లు నేనే చెప్పాను. ఇవాళ స్క్రిప్టులో డబ్బా తెరిచే ఒక్క లైను ఆపడం మర్చిపోయి రన్ కొట్టాను. జోడీలేవీ లేకపోతే రెండు ఈవెంట్లే ఉండాల్సిన చోట తొమ్మిది.

వెంటనే విండో మూసేశాను. కాదు. ఐదు నిమిషాలు చూసి, అప్పుడు మూశాను.

ఫిబ్రవరి 27

తొమ్మిది.

మార్చి 10

ఎవరికీ చెప్పలేదు. చెబితే నన్ను ఈ పని నుంచి తప్పిస్తారు. గైడ్ ఈ మే నెలాఖరుకి రిటైరవుతున్నారు. ముప్పై ఏళ్లుగా ఈ జోడీల కోసమే చూస్తున్న మనిషి. కాఫీ మిషన్ దగ్గర ఎదురై, ఏంటమ్మా ముఖం వెలిగిపోతోంది, ఏమైనా విశేషమా అన్నారు. నిద్ర బాగా పట్టిందండీ అన్నాను. పన్నెండు రోజులుగా కంటిమీద కునుకు లేదు.

మార్చి 19

మా గ్రూపులో ఒకడున్నాడు, చాదస్తం అని పిలుస్తాం. మీటింగులో కొత్త రూలు అడిగాడు. నిరుటి నుంచి కణాలను పట్టే డిటెక్టర్లో ఒక మూల సరిగా పనిచెయ్యడం లేదు. అటు పోయిన ఎనర్జీ లెక్కకి రాదు, మనం వెతికే జోడీయే కనబడకుండా మోసుకుపోయినట్టు మోసం చేస్తుంది. అటువైపు ఈవెంట్లు తీసేద్దాం అన్నాడు. మంచి రూలు. నాకే ముందు తట్టాల్సింది.

సీటుకి వచ్చి డబ్బా మళ్లీ తెరిచాను. ఈసారి మర్చిపోయి కాదు. తొమ్మిదిలో నాలుగు ఆ మూలవే.

మార్చి 21

ఆ రూలు పెడితే అసలు కణాలూ పోతాయని అరగంట వాదించాను. స్లైడ్లు బాగున్నాయన్నారు. చాదస్తం సరేనన్నాడు. నెగ్గాను. బాత్రూంలో అద్దం చూడబుద్ధి కాలేదు.

మార్చి 23, ఆదివారం

అక్కకి చెప్పేశాను. నవ్వుతుందనుకున్నాను. దిద్దుతున్న పేపర్లు పక్కన పెట్టింది. పేపరు ముందే చూసిన పిల్లకి నిజంగానే లెక్కలు వచ్చి ఉండొచ్చు, కానీ వచ్చో రాదో ఇంక ఎలా తెలుస్తుందే, ఆ పిల్లకి మాత్రం ఎలా తెలుస్తుంది అంది.

మార్చి 24

గైడ్ గదికి వెళ్లి అంతా చెప్పాను. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఎన్ని కనిపించాయని కూడా అడగలేదు. ఆ ప్రశ్న ఆయన నోటిదాకా వచ్చి ఆగింది, నేను చూశాను.

పాత డేటా పక్కన పడేస్తారట. ఈ ఏడాది వచ్చిన, ఎవరూ చూడని డేటా మీద, ఆ మూల రూలుతో సహా చాదస్తం చేస్తాడు. నేను వేలు పెట్టకూడదు.

ఏప్రిల్ 30

కాంట్రాక్టు పొడిగించలేదు. చాదస్తం కారిడార్లో ఎదురైతే ఎప్పటిలాగే పలకరిస్తున్నాడు. పలకరించకపోతే హాయిగా ఉండును.

మే 16, ఉదయం 11

డబ్బా తెరిచారు. నేను గది బయట నిలబడ్డాను. చప్పట్లు వినబడలేదు. కుర్చీలు జరిపిన చప్పుడొకటే.

గైడ్ బయటికొచ్చి, అంచనా మూడు, వచ్చినవీ మూడే, ఏమీ లేదమ్మా అన్నారు. కళ్లు తుడుచుకుంటూనే, నీ ఆరేళ్లు ఇలా అయిపోయాయే అని నన్ను ఓదార్చారు.

జోడీ ఉండి ఉంటే నాకు కాక చాదస్తానికి దొరికేది. లేదు. నా సంతోషం గైడ్ కంటబడకుండా తల దించుకున్నాను.