అన్నా, నీది ఉపవాసం కాదు

దానియేలన్నా,

పరలోకంలో స్తోత్రాలకు కాస్త విరామం దొరికితే నీ తమ్ముడి ఫిర్యాదు ఆలకించవలెను.

నీ అంతట నువ్వే వెళ్ళిపోయి ఈ ఆదివారానికి ఏడాది. మన తిరువొత్తియూరు చర్చిలో ఆరాధనయ్యాక ఒక డాక్టరమ్మ డిప్రెషన్ గుర్తులు చెప్పింది. తిండి మానేయడం, ఒంటరిగా కూర్చోవడం, ఊరికే ఏడవడం. నాకు ఒళ్ళు మండింది. అవన్నీ మనవాళ్ళు నీలో చూసి మెచ్చుకున్నవే! తినకపోతే ఉపవాసమన్నారు. ఏడిస్తే ఆత్మ తాకిందన్నారు. నేనైతే 'పరిశుద్ధ పస్తుల దానియేలు' అని బిరుదిచ్చాను. నువ్వు నవ్వలేదు. నవ్వకపోవడమూ ఒక గుర్తేనట.

డాక్టరమ్మ ఇంకా కూర్చోనేలేదు, పాస్టరయ్య మైకందుకున్నాడు.

"మన గ్రేసమ్మను చూడండి, మూడు వారాలుగా ఉపవాసం! స్తోత్రం!"

అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి అరిచాను.

"ఆపండయ్యా! చచ్చిపోతానని ఏడ్చిన ప్రవక్తకు దేవుడు రొట్టె పంపినాడు, చప్పట్లు కాదు!"

"కూర్చో డా! ఈడ ఏంది నీ గొడవ?" అన్నాడు పెదనాన్న.

కూర్చోలేదు. నేరుగా గ్రేసక్క దగ్గరికి వెళ్ళాను.

"అక్కా, నిజంగా ఉపవాసమేనా?"

ఆమె తల దించుకుంది. "లేదురా. ముద్ద దిగడంలా. వాళ్ళే అట్ల అనుకున్నారు."

ఆమెను డాక్టరమ్మ పక్కన కూర్చోబెట్టి బయటికొచ్చాను. ఒక్క ప్రశ్న, అంతే అన్నా. నీకు బిరుదివ్వడానికి లేచిన నా నోరు, అది అడగడానికి లేవలేదు.