పక్క మేకు

తమ్ముడికి దీవెనలు. నేను కులాసా.

పనిలో చేరడానికి చౌక పానా చాలదా అని అడిగావు. ఇక్కడ ఫ్యాక్టరీలో ఎవరి పనిముట్లు వాళ్లవే, గోడకు ఎవరి మేకుకు వాళ్ల సంచి. నా పక్క మేకు బక్కోడిది. నా పానా చూసి, "ఇనుము ఇనుమే కదన్నా, దీనికింత సోకా?" అని నవ్వేవాడు. మొన్న మిషను పక్కన బోల్టు బిగిస్తుంటే వాడి పానా నోరు సాగి జారింది. చెయ్యి వెళ్లి పళ్లచక్రాల్లో పడింది. మూడు వేళ్లు పోయాయి. మర్నాడే ఆ మేకుకు ఇంకొకడి సంచి వేలాడింది. అందులోనూ అదే రకం పానా.

నా సైకిలు అమ్మేసైనా మంచి పానా కొనుక్కో. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఆమెకు ఇది చదివి వినిపించకు. ఇక్కడ ఉద్యోగం ఖాళీ ఎప్పుడొస్తుందని మళ్లీ అడగకు. ఎలా వస్తుందో రాశాను కదా.

పది వేళ్లతో చల్లగా ఉండు.

అన్నయ్య