మా బయటివాడు

కిప్పర్ కోవ్, కేప్ బ్రెటన్ దీవి
మంగళవారం

ఒట్టావాలోని డిజిటల్ ప్రసారాల సలహా విభాగం పెద్దలకు ఎఫీ మాక్‌ఆస్కిల్ నమస్కరించి రాయునది.

ఇక్కడ నా మోకాలు తప్ప అంతా క్షేమం. ఈ సంగతి మీ వెబ్‌సైటులోనే అడుగుదామనుకున్నాను. నేను మనిషినో యంత్రాన్నో తేల్చుకోవడానికి ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలన్నీ నొక్కమంది. మా ఊళ్ళో ట్రాఫిక్ లైటు లేదు. స్తంభంలా కనిపించిందల్లా నొక్కాను. నేను మనిషిని కాదని తేల్చేసింది. అందుకని పోస్టులో రాస్తున్నాను.

నేనూ, మా పక్కింటి లాయిడ్ క్రోవెల్ ప్రతి శనివారం మధ్యాహ్నం మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఫోనుని బెల్లంపాకం డబ్బాకి ఆనించి, ఊరందరికీ కనిపించేలా కబుర్లు చెప్పుకుంటాం. కార్యక్రమం పేరు 'టీ చల్లారేలోగా'. కొత్త ఫోన్లు, ఇంటర్నెట్టు చట్టాలు, టీవీ సీరియళ్ళు, నోటికి ఏది వస్తే అది. లాయిడ్ ఫ్రిజ్జులు బాగుచేసేవాడు కాబట్టి యంత్రాల వార్తలు అతనివి. నాకు అన్నిటి మీదా అభిప్రాయాలున్నాయి కాబట్టి చట్టాలు నావి. ఊళ్ళో సగం మంది చూస్తారు. మిగతా సగం మేం చూడం అంటూనే, మేమేమన్నామో అప్పజెబుతారు.

మొన్న రేడియోలో కొత్త నియమం గురించి చెప్పారు. ఇకమీదట ఇంటర్నెట్టు కార్యక్రమాల్లో మనవాళ్ళకి చోటివ్వాలట, అంతా బయటివాళ్ళదే అయిపోకూడదట. మంచి పని చేశారని శనివారం నాడు గట్టిగానే అన్నాను. కప్పు సగం తాగేసరికి తట్టింది. లాయిడ్ బయటివాడు. ఉన్నదే ఇద్దరం, అందులో ఒకడు బయటివాడు. పైగా నాకంటే ఎక్కువ మాట్లాడతాడు.

నేను చట్టానికి కట్టుబడే మనిషిని. కార్యక్రమం ఇలాగే నడుపుకోవచ్చో లేదో దయచేసి చెప్పండి. కావాలంటే నేనే ఎక్కువ మాట్లాడి తూకం సరిచేస్తాను.

ఇట్లు,
ఎఫీ మాక్‌ఆస్కిల్

తా.క. ఈ ఉత్తరం సంగతి లాయిడ్‌కి తెలియనివ్వకండి. తెలిస్తే శనివారం మూతి ముడుచుకుని కూర్చుంటాడు, అప్పుడు బయటివాళ్ళ వాటా సున్నా అయిపోతుంది.


ఒట్టావా
సోమవారం

శ్రీమతి ఎఫీ మాక్‌ఆస్కిల్ గారికి,

అమ్మా, మీ ఉత్తరము అందినది. మా వెబ్‌సైటు మిమ్ములను మనిషిగా గుర్తించకపోవుట మిక్కిలి విచారకరము.

సదరు నియమము మీ కార్యక్రమమునకు వర్తించునో లేదో నిర్ధారించుటకుగాను, లాయిడ్ క్రోవెల్ అను బయటి వ్యక్తి స్వస్థలమేదో, ఆయన ఇచ్చటికి ఏ విధముగా వచ్చెనో, ఆయన వద్ద తగిన పత్రములు కలవో లేవో తెలియజేయవలసినదిగా కోరుచున్నాము.

భవదీయుడు,
గేటన్ లావోయ్
సహాయ అధికారి

తా.క. పరిశీలన నిమిత్తము ఒక కార్యక్రమము చూచితిని. చాలాసేపు బూడిదరంగు పిల్లి ఒకటి తెరకు అడ్డముగా కూర్చుని యున్నది. అది కార్యక్రమములో భాగమేనా?


కిప్పర్ కోవ్
శుక్రవారం

లావోయ్ గారికి ఎఫీ నమస్కారాలు.

పిల్లి పేరు డచెస్. ఫోను వెచ్చగా ఉంటుందని అక్కడ కూర్చుంటుంది. దాన్ని లేపగలిగిన మగాడు ఇంకా పుట్టలేదు.

మీరు ఈ వారం కార్యక్రమం చూసే ఉంటారు. ఇంటర్నెట్టులో వయసు నిరూపించుకోవాలన్న చట్టం గురించి మాట్లాడాం. ఒక సైటు నా మొహం చూసి వయసు చెబుతానంది. చూసి, ముప్ఫై దాటి ఉండవచ్చు అంది. ఆ యంత్రాన్ని వెంటనే బాగుచేయించాలని లాయిడ్ అన్నాడు. అంత చక్కగా పనిచేసే యంత్రాన్ని ముట్టుకుంటే ఊరుకోనని నేనన్నాను. దాని మీద చాలాసేపు వాదించుకున్నాం.

ఇక మీరడిగినవి. అతని ఊరి పేరు నోరు తిరిగే పేరు కాదు నాయనా, ఇక రాయడం నావల్ల ఎక్కడవుతుంది? మా అమ్మ ఆ పేరు పలకబోయి కట్టుడు పళ్ళు సర్దుకునేది. ఎలా వచ్చాడంటే, సముద్రం దాటి వచ్చాడు. ఒక పాత ట్రక్కు, ట్రక్కులో ఒక ఫ్రిజ్జు, ఫ్రిజ్జులో అతని చొక్కాలు. అప్పట్లో చేపల ఫ్యాక్టరీలో చల్లదనం యంత్రం పాడైతే బాగుచేయడానికి పిలిపించారు. తరవాత ఫ్యాక్టరీ మూతపడింది, అతను మాత్రం ఉండిపోయాడు. పత్రాలంటారా, ఉన్నవన్నీ ట్రక్కులో పెడితే ఎలుకలు కొట్టేశాయి. మా గేలిక్ భాష ఒక్క ముక్క రాదు. చర్చిలో అందరూ పాడుతుంటే నోరు కదిపి ఊరుకుంటాడు.

అన్నీ నిజమే రాశాను. అతనికి ఇబ్బంది కలిగేలా ఉంటే ముందే చెప్పండి.

ఇట్లు,
ఎఫీ మాక్‌ఆస్కిల్

తా.క. మీ ఉత్తరం చూశాక, సొంత ఊరు వెళ్ళాలని లేదా అని అతన్ని మాటవరసకి అడిగాను. అక్కడ నాకెవరున్నారు ఎఫీ, అన్నాడు. ఇంకో ముక్క కేకు పెట్టాను.


ఒట్టావా
గురువారం

శ్రీమతి మాక్‌ఆస్కిల్ గారికి,

అమ్మా, మీరిచ్చిన వివరములను బట్టి, సదరు వ్యక్తి సముద్రము దాటి, ఒక ఫ్రిజ్జుతో సహా ప్రవేశించి, పత్రములు లేకయే దీర్ఘకాలముగా నివసించుచున్నట్లు అర్థమగుచున్నది. ఇది మా పరిధిలోని విషయము కాదు. దీనిని వలస వ్యవహారములు చూచువారికి పంపవలసి యుండును. వారు ఏమి నిర్ణయించెదరో నేను చెప్పజాలను.

ఇంకనూ పంపలేదు. కొంత ఆలస్యము చేయగలను. ఈలోపు ఆయన మంచి వకీలును సంప్రదించుట, కార్యక్రమములో కనిపించకుండుట మేలు. ఈ ఉత్తరము రాయుట నాకు ఎంతమాత్రము ఇష్టము లేదు.

భవదీయుడు,
గేటన్ లావోయ్

తా.క. పాలు అయిపోగానే తనంతట తానే తెప్పించుకునే ఫ్రిజ్జు వచ్చిందని మీరు కార్యక్రమములో అంటే, 'ముందు చల్లగా ఉండడం నేర్చుకోమనండి' అని క్రోవెల్ గారన్న మాటతో నేనూ నా భార్యా పూర్తిగా ఏకీభవిస్తున్నాము. ఇది ప్రభుత్వ అభిప్రాయము కాదు.


కిప్పర్ కోవ్
సోమవారం, అత్యవసర పోస్టు

నాయనా లావోయ్,

నా నోటితో నేనే, అడగనివి కూడా చెప్పి, లాయిడ్‌ని పట్టించేశాను. వెంటనే అతని ఇంటికి వెళ్ళి, కారణం తరవాత చెబుతానని, మా బంగాళాదుంపల నేలమాళిగలోకి దింపాను. మారుమాట లేకుండా దిగాడు.

శనివారం ఒక్కదాన్నే కూర్చున్నాను. హంతకుడెవరో చెప్పకుండానే ఒక సీరియల్‌ని మధ్యలో ఆపేశారు, దాని గురించి మాట్లాడాలి. లాయిడ్ ఉంటే వంటవాడే చంపాడనేవాడు. కథలో వంటవాడు లేకపోయినా అంటాడు. నేను కాదనేదాన్ని, దాంతో కార్యక్రమం నడిచిపోయేది. ఎదురుగా కాదనే మనిషి లేకపోతే అభిప్రాయం ఉండి ఏం లాభం? అలవాటుకొద్దీ రెండు కప్పులు పోశాను. అతని కప్పు అలాగే చల్లారిపోయింది. లాయిడ్ పోయాడా అని ఊరంతా ఫోన్లు. ఫోను కట్టేసి ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గులేదు.

తరవాత టీ పట్టుకుని కిందికి దిగాను. దుంపల బస్తా మీద అతని పక్కనే కూర్చుని ఉత్తరాల సంగతంతా చెప్పేశాను.

“అయితే నన్ను పంపించేస్తారంటావా?” అన్నాడు.

పంపేస్తారేమోనని భయంగా ఉందన్నాను.

“మీవాణ్ణి అయిపోతే పంపరు కదా.”

“ఎలా అవుతావు?”

“నువ్వు చేసుకుంటే అవుతాను.”

ఇన్నేళ్ళూ ఏం చేశావు, ఇప్పుడా అడగడం అన్నాను. వారం వారం ఊరందరి ముందూ బయటివాడు బయటివాడు అంటుంటే ఏ మొహం పెట్టుకుని అడగమంటావన్నాడు. అతనడిగినదానికి సరేనన్నాను.

వచ్చే శనివారం, కార్యక్రమం టైముకే, చర్చిలో పెళ్ళి. అంతవరకూ ఆ ఫైలు ఏ సొరుగులోనో పడేసి ఉంచండి. మీకు పుణ్యముంటుంది. ఊరి పేరు అడిగారు కదా, పెళ్ళి కాగితాల కోసం అతనిచేతే రాయించాను, అదే కింద అంటిస్తున్నాను: టటమగూష్.

ఇట్లు,
ఎఫీ

తా.క. పైన రాసిన నేలమాళిగ సంగతి మీరు చదవలేదనుకోండి. ఎవరొచ్చి అడిగినా లాయిడ్ అక్కడ లేడు. ఇంకో దుప్పటి మాత్రం అడుగుతున్నాడు.


ఒట్టావా
బుధవారం, అత్యవసర పోస్టు

ఎఫీ గారూ,

టటమగూష్ నోవా స్కోషియా రాష్ట్రంలో ఉంది. మీ దీవి ఉన్నదీ నోవా స్కోషియాలోనే. పోయిన వేసవిలో మేము టటమగూష్‌లో ఐస్‌క్రీం తిన్నాం. లాయిడ్ గారు పుట్టుకతోనే ఈ దేశం మనిషి. ఆయన్ని ఎవరూ ఎక్కడికీ పంపరు, పంపలేరు.

మీరు సముద్రం అంటే నేను ఓడలూ తుపానులూ ఊహించుకున్నాను. మీరన్నది మీ దీవిని అవతలి ఒడ్డుతో కలిపే గట్టు రోడ్డు గురించని ఇప్పుడే పటంలో చూశాను. మీరు 'బయటివాడు' అంటే పరదేశి అనుకున్నాను. మా పక్క బల్ల దగ్గర పనిచేసే అమ్మాయిది మీ వైపే. అడిగితే పొట్టచెక్కలయ్యేలా నవ్వింది. “కేప్ బ్రెటన్‌లో గట్టుకవతల పుట్టినవాళ్ళందరూ బయటివాళ్ళే సార్. మా నాన్న అక్కడ అల్లుడై ఇన్నేళ్ళయినా ఇంకా బయటివాడే” అంది.

నియమం పెద్ద పెద్ద కంపెనీలకి సంబంధించింది, వంటింటి బల్లలకి కాదు. ఈ ముక్క మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది నేను. ఫైలు మూసేశాను. చాలా రోజుల తరవాత ఇవాళ కడుపునిండా భోజనం చేశాను.

దయచేసి ఆయన్ని నేలమాళిగలోంచి పైకి రానివ్వండి. పెళ్ళి కేవలం చట్టం కోసమే అయితే ఇక అవసరం లేదు. ఆ తరవాత మీ ఇష్టం.

మీ
గేటన్ లావోయ్

తా.క. పెళ్ళి ఆగినా ఫరవాలేదు, కార్యక్రమం మాత్రం ఆగకూడదు. ఇది నా భార్య ఆజ్ఞ. హంతకుడు వంటవాడేనని ఆవిడ కూడా అంటోంది.


కిప్పర్ కోవ్
ఆదివారం

చిరంజీవి గేటన్‌కి ఎఫీ ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. గట్టు దాటితే నాకంతా పరదేశమే, ఆ ఊరెక్కడుందో నేనెప్పుడూ అడగలేదు. గేటు దగ్గర నిలబడే చదివాను. ఎవరూ ఎక్కడికీ పంపలేరన్న మాట దగ్గరికి వచ్చేసరికి ప్రాణం లేచి వచ్చి, మెట్టు మీద చతికిలబడి ఆ ఒక్క వాక్యమే మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. ఆ తరవాత, పెళ్ళి అవసరం లేదన్న ముక్క దగ్గరికి వచ్చాను. ఉత్తరం మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకున్నాను. లోపల పెళ్ళికేకు పొయ్యిలో ఉంది, చర్చికి పూలు వచ్చేశాయి, ఇప్పుడు చట్టాల గురించి ఎవరు మాట్లాడతారు?

పెళ్ళి బాగా జరిగింది. ఫోను చర్చిలో పెట్టించాం, మీ ఇద్దరూ చూసే ఉంటారు.

వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక మనసు ఒప్పుకోలేదు. ఉత్తరం తీసి ఆయన చేతిలో పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదివాడు. కుర్రాడు చక్కగా రాశాడని మడిచి ఇచ్చేశాడు.

“నిన్న వచ్చింది. దాచాను. కోపం రాలేదా?” అన్నాను.

“కోపమెందుకు? నేనెక్కడ పుట్టానో నాకు తెలియదా ఎఫీ?”

అప్పుడు వెలిగింది నాకు. ఎలుకలు కాగితాలు కొట్టేసినంత మాత్రాన పుట్టిన ఊరిని మరిచిపోతాడా ఎవరైనా. మరి తెలిసి తెలిసి ఆ చలిలో, ఆ దుంపల మధ్య ఎందుకు కూర్చున్నావని నిలదీశాను.

“నువ్వు టీ పట్టుకుని దిగివచ్చి నా పక్కన కూర్చున్నావు. ఇన్నేళ్ళలో మన మధ్య బల్ల లేకుండా కూర్చోవడం అదే మొదటిసారి. అప్పుడు టటమగూష్ ఈ దేశంలోనే ఉందని చెబితే, నువ్వు లేచి పైకి వెళ్ళిపోయేదానివి.”

వెళ్ళిపోయేదాన్నే. చెప్పకపోవడమే మంచిదయింది. మా ఇద్దరిలో ఎవరు ఎవర్ని మోసం చేశారన్నది వచ్చే శనివారం తేల్చుకుంటాం, చూడండి.

ఊళ్ళో ఇంతవరకూ ఆయన్ని బయటివాడు అనేవారు. నిన్నటి నుంచి 'ఎఫీవాళ్ళ బయటివాడు' అంటున్నారు. మా ఊళ్ళో ఇంతకంటే పెద్ద గౌరవం లేదని ఆయనకి చెప్పాను. నమ్మినట్టే ఉన్నాడు.

మీ ఆవిడకి నా ముద్దులు చెప్పు.

ఇట్లు,
ఎఫీ, లాయిడ్

తా.క. నియమాలు అతిక్రమించే అలవాటు నాకు లేదని నీకు తెలుసు కదా. అందుకని ముందే చెబుతున్నాను, డచెస్ పుట్టింది హాలిఫాక్స్‌లో. అదీ గట్టుకవతలిదే. దాన్ని ఏ లెక్కలో వేయాలో రాయి. పెళ్ళి చేసుకోవడం మాత్రం ఈసారి కుదరదు.