గోళీల మిషనులో పనస ముక్క

బొబ్బిలి,
12-11-1968

అన్నయ్యకు నమస్కారం. క్షేమ సమాచారాలు తరవాత రాస్తాను, ముందు ఇది చదువు.

సంతల్లో గోళీలాట మిషను ఆడించే కూర్మయ్య నిన్న మన వీణల పాకకి వచ్చాడు. మీట నొక్కితే ఇనప గోళీని పైకి తన్నే చెక్క రెక్క విరిగిందట, అలాంటిదే చెక్కిమ్మన్నాడు. తెచ్చిన విరిగిన రెక్కని తిప్పి చూస్తే అడుగున నాన్న తన వీణల మీద ఉలితో వేసే కొబ్బరాకు గుర్తు!

"ఇదెక్కడిది?" అన్నాను.

"సికాకోళం కోర్టు ఈదిలో మేస్టారింట్లో బాబూ. పొయ్యిలోకి కొట్టిన సెక్కల్లో ఏరుకున్నాను. పనస సెక్క గట్టిగుంటాది కదా," అన్నాడు.

శ్రీకాకుళం కోర్టు వీధిలో మేష్టరువి నువ్వొక్కడివే.

కొత్త రెక్క చేసి పంపేశాను. పాతది దాచాను, అమ్మకి చూపించలేదు. నాన్న నీకిచ్చిన ఆఖరి వీణ ఒకే పనస మొద్దులో తొలిచింది. అందులోంచి ముక్క ఊడి రాదు, వీణనే నరకాలి.

ఏటా దసరాకి దాన్ని పూజలో పెట్టామని అమ్మకి కార్డు రాస్తావు. పోయిన నెల కూడా రాశావు. ఏం పెట్టావు అన్నయ్యా?

తమ్ముడు