కాటా మీద మన పికప్

లవోన్, నేనూ గుర్రాలూ క్షేమం, కంగారుపడకు.

నెబ్రాస్కాలోకి రాగానే పోలీసాయన ఆపి, మన పికప్‌నీ వెనకాల గుర్రాల ట్రైలర్‌నీ కలిపి కాటా ఎక్కించాడు. రిజిస్ట్రేషన్‌లో రాయించిన బరువు దాటితే గుర్రాల్ని అక్కడే దింపించేవాడు. దాటలేదు! "ట్రైలర్ బరువు కూడా కలిపి రాయించావే, బుర్రున్నవాడివయ్యా," అన్నాడు.

ఎర్రదూడకి దగ్గు తగ్గిందా? మన పక్కింటి డ్వేన్ ఇటు వస్తే నా చలికోటు ఇచ్చి పంపు. మీ అమ్మని అడిగానని చెప్పు.

ఆ రోజు నువ్వు రిజిస్ట్రేషన్ ఆఫీసుకెళ్ళి, ఎక్కువ ఫీజు కట్టి బరువు పెంచి రాయించుకొస్తే, "పికప్పా, లారీయా?" అని నీమీద ఎగిరాను కదా. పోలీసాయనతో మాత్రం నేనే రాయించానన్నాను. వచ్చాక దెప్పకు.

నీ ఆర్విల్